పచ్చ అంటే ఏ పచ్చ?

(చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లకు రంగులు ఎంచుకోవడం గురించి హనుమకొండలో స్థానిక వ్యాపారుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట దుకాణం ఇంట్లోవాళ్లకు అప్పగించి ఇక్కడికి వచ్చారు. కొందరు జనగామ నుంచి, పరకాల నుంచి బస్సెక్కి వచ్చారని ఇప్పుడే తెలిసింది. చాలా సంతోషం.

వచ్చేటప్పుడు మీరు అమ్మే వస్తువు ఒకటి వెంట తెమ్మని చెప్పాను. చాలామంది తెచ్చారు. ముందు వరుసలో కారం ప్యాకెట్లు, మామిడికాయ పచ్చడి సీసా, రెండు జంపఖానాలు, ఒక పెంబర్తి ఇత్తడి దీపం కనిపిస్తున్నాయి. వాటిని దగ్గరే ఉంచుకోండి. చివర్లో వాటితో పని ఉంది.

నేను వెబ్‌సైట్లు తయారుచేస్తాను. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నాకు ఎదురైన ఒక అనుభవంతో మొదలుపెడతాను. పచ్చళ్లు పెట్టి అమ్మే ఒక అక్క నాకు ఫోన్ చేసి సైట్ కావాలన్నారు. రంగు ఏది పెట్టమంటారని అడిగితే, "పచ్చ పెట్టు చెల్లె, నిండుగ కనవడాలె" అన్నారు. నేను సరేనన్నాను. కరివేపాకు గుర్తుకొచ్చింది, కొత్తిమీర గుర్తుకొచ్చింది. వారం రోజులు కూర్చుని ఆకుపచ్చ రంగులో సైట్ మొత్తం కట్టాను. ఆమె వచ్చి చూసి, "ఇది ఆకుపచ్చ గద! నేను చెప్పింది పచ్చ. పసుపు పచ్చ" అన్నారు. సంచిలోంచి సీసా తీసి చూపించారు. లేబుల్ పసుపు రంగులో ఉంది. పదేళ్ల నుంచి అదే లేబులట. ఆ సీసా ఒక్కసారి చూపించమని నేను ముందే అడిగి ఉంటే వారం రోజుల పని మిగిలేది.

మన భాషలో పచ్చ అనే మాటకు రెండు రంగులూ ఉన్నాయి. పచ్చని చేను అంటే ఆకుపచ్చ. పచ్చకామెర్లు అంటే పసుపు. ఇంట్లో మాట్లాడుకుంటే ఎవరూ పొరబడరు, ఎందుకంటే పక్కన చేను గానీ, ఒళ్లు గానీ ఉంటుంది. ఫోన్లో ఒట్టి పచ్చ అన్నప్పుడు పక్కన ఏమీ లేదు. ఆమెకు సీసా కనిపించింది, నాకు కరివేపాకు కనిపించింది.

కథ అక్కడితో అయిపోలేదు. ఆ రాత్రే కూర్చుని ఆకుపచ్చనంతా పసుపు చేసేశాను. దాని మీద అక్షరాలు తెల్లగా ఉన్నవి ఉన్నట్టే వదిలేశాను. నా ల్యాప్‌టాప్‌లో, రాత్రి పూట, గదిలో లైటు తగ్గించుకుని చూస్తే బాగానే కనిపించింది. నాలుగు రోజుల తర్వాత అక్క మళ్లీ ఫోన్ చేశారు. "నంబర్ ఏడ ఉన్నదని అందరూ అడుగుతున్నరు, కనవడ్తలేదట" అన్నారు. పచ్చళ్ల సీజన్ అది. ఎండాకాలంలో నాలుగు రోజులు ఫోన్ నంబర్ కనిపించకపోతే ఆమెకు ఎంత నష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ నాలుగు రోజులు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

రెండు తప్పులూ ఒకే చోట పుట్టాయి. రంగును ఒంటరిగా చూశాను. ఆ రంగు ఏ సీసా మీద ఉందో, దాని మీద ఏ అక్షరం కూర్చుంటుందో, ఏ వెలుతురులో ఎవరు చూస్తారో చూడలేదు. ఈరోజు నేను మీతో చెప్పాలనుకున్నది ఇదే. ఏ రంగునైనా దాని పక్కన ఉండేవాటితో కలిపి చూసి ఎంచుకోండి.

ముందు ఆ పచ్చ గొడవ తీరే మార్గం చెబుతాను. ఫోన్ తెరలో మూడే మూడు రంగుల వెలుగులు ఉంటాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఒక్కో వెలుగును 0 నుంచి 255 దాకా పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. మూడింటిని కలిపితే 1,67,77,216 రంగులు వస్తాయి. తెరలో పసుపు వెలుగంటూ విడిగా లేదు. ఎరుపును, ఆకుపచ్చను పూర్తిగా వెలిగించి నీలాన్ని ఆపేస్తే మన కంటికి పసుపు కనిపిస్తుంది. ఈ కొలతను ఆరు గుర్తులతో రాస్తారు. దాన్నే హెక్స్ కోడ్ అంటారు. మొదటి రెండు ఎరుపుకు, తర్వాతి రెండు ఆకుపచ్చకు, చివరి రెండు నీలానికి. నిండు ఎరుపు ఎఫ్ఎఫ్0000. నిండు పసుపు ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్00. మీ రంగుల కోడ్‌లు మీరే అడిగి తీసుకుని, జీఎస్టీ నంబర్ రాసుకున్న పుస్తకంలోనే రాసి పెట్టుకోండి. సైట్ చేసినవాళ్లు ఊరు మారిపోవచ్చు, ఫోన్ ఎత్తకపోవచ్చు. కోడ్ మీ దగ్గరుంటే కొత్తవాళ్లు కూడా అదే పచ్చ వేస్తారు.

ఇప్పుడు పక్కనున్న రంగుల సంగతి.

మా మేనమామ వరంగల్ కొత్తవాడలో నూలుకు రంగులు అద్దేవాడు. ఆ వీధుల్లో తిరిగినవాళ్లకు తెలుసు, ఎండలో వెదురు కర్రల మీద చిలపలు, అంటే నూలు కట్టలు, ఆరేసి ఉండేవి. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఆ సరుకు ఈ ప్రాంతానిదేనని చెప్పే గుర్తింపు, వచ్చింది. అంతకు ఎంతో ముందు నుంచే మా ఇంట్లో రంగు గురించి మాట్లాడకుండా అన్నం తిన్న రోజు లేదు. మామ ఒక చిలపకు రంగు అద్ది, అది ఆరేదాకా దాని గురించి ఒక్క మాట కూడా అనేవాడు కాదు. తడి నూలు ముదురుగా కనిపిస్తుంది, ఆరితే తేలిపోతుంది. ఆరిన తర్వాత దాన్ని బయటికి, ఎండలోకి తెచ్చి, మగ్గం మీద దాని పక్కన రాబోయే రంగు చిలపను ఆనించి చూసేవాడు. విడిగా చూస్తే ఎంతో బాగున్న మెరూన్, నల్లటి పోగు పక్కన పడేసరికి చచ్చుబడిపోవడం నేను చిన్నప్పుడు కళ్లారా చూశాను.

చాలా ఏళ్ల తర్వాత చదువుకుంటుంటే, ఇదే చిక్కు ప్యారిస్‌లో ఒకాయనకు ఎదురైందని తెలిసింది. ఆయన పేరు షెవ్రూల్, రసాయన శాస్త్రవేత్త. 1824లో గోబెలిన్స్ అనే తివాచీల కార్ఖానాలో అద్దకం విభాగానికి అధిపతిగా చేరాడు. నల్ల నూలు నల్లగా ఉండటం లేదు, వెలిసినట్టుంది అని నేసేవాళ్ల నుంచి ఫిర్యాదు వచ్చింది. ఆయన వేరే ఊళ్ల నుంచి కూడా నల్ల నూలు తెప్పించి పోల్చి చూశాడు. అద్దకంలో లోపం ఏమీ లేదు. ఆ నల్లపోగులను నీలం, ఊదా రంగుల పక్కన నేస్తున్నారు, అందుకే అలా కనిపిస్తోంది అని తేల్చాడు. పక్కపక్కన ఉన్న రెండు రంగులు కంటిలో ఒకదాన్నొకటి మార్చేస్తాయని 1839లో వివరంగా రాసి ప్రచురించాడు. ఆ సంగతి చదివిన రోజు నాకు మా మామ చిలపలు ఆనించి చూడటం గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. ఆయన ఆ పుస్తకం చూసినవాడు కాదు. చేతి పనిలోంచే అది తెలుసుకున్నాడు.

దీన్ని మీ సైట్‌కు అన్వయించి చూద్దాం. మీరు జంపఖానాలు అమ్ముతారనుకోండి, చీరలు అమ్ముతారనుకోండి. అసలు రంగంతా మీ సరుకులోనే ఉంది. సైట్ వెనక భాగమంతా నిండు నీలమో, ముదురు గులాబీయో పెడితే, దాని మీద ఉన్న ప్రతి ఫొటోలో రంగు కంటికి మారిపోయి కనిపిస్తుంది. కొన్నవాళ్లు ఇంటికి పార్సిల్ వచ్చాక "ఫొటోలో ఒక రంగు, ఇది ఇంకో రంగు" అని వెనక్కి పంపుతారు. మీరు మోసం చేయలేదు. అయినా రాను పోను పార్సిల్ ఖర్చు మీ మీదే పడుతుంది. అందుకని రంగుల సరుకు అమ్మేవాళ్లు సైట్‌ను తెల్లగానో, చాలా లేత బూడిద రంగులోనో ఉంచండి. మీ వ్యాపారం రంగు లోగోలో, పైనుండే సన్నటి పట్టీలో ఉంటే చాలు. మా అమ్మ బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు వరుసకు, బంతి వరుసకు మధ్య తెల్ల గునుగు వరుస ఒకటి వేసేది. ఎందుకమ్మా అంటే, "లేకపోతే రెండూ కలిసిపోతయి, ఏది ఏ పువ్వో కనవడదు" అనేది. సైట్‌లో ఖాళీగా వదిలిన తెల్లటి జాగా ఆ గునుగు వరుసలాంటిది. డబ్బులిచ్చి చేయించుకున్న సైట్‌లో జాగా వృథాగా పోయిందని బాధపడకండి.

మరి ట్యూషన్ సెంటర్ నడిపేవాళ్లు, ఫిజియోథెరపీ చేసేవాళ్లు, లెక్కలు రాసేవాళ్లు ఏం చేయాలి? వాళ్ల దగ్గర చూపించడానికి రంగుల సరుకు లేదు. అక్కడ రంగు కాస్త ముందుకు రావచ్చు. పైభాగమంతా ఒకే నిండు రంగు వేసినా బాగుంటుంది. జంపఖానాల సైట్ చూసి ముచ్చటపడి అలాంటిదే కావాలని ఒక ట్యూషన్ సార్ అడిగారు. అంత తెలుపులో ఆయన సైట్ ఇంకా ఎవరూ దిగని అద్దె ఇల్లులా తోచింది. ముదురు నెమలికంఠం రంగు పైన వేసి, మిగతాది తెల్లగా వదిలాం. ఆయనకూ నచ్చింది, పిల్లల తల్లిదండ్రులకూ నచ్చింది.

కారం అమ్మేవాళ్లతో ప్రత్యేకంగా ఒక మాట మాట్లాడాలి, ఎందుకంటే ఈ ప్రాంతంలో రంగుకే ధర పలికే సరుకు మీది. చపాటా మిర్చి సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. టమాటా మిర్చి అని కూడా అంటారు. ఘాటు తక్కువ, ఎరుపు ఎక్కువ. 2025లో దానికి వరంగల్ పేరుతో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఎనుమాముల యార్డుకు వెళ్తే తేజ రకం మిర్చి రాశి పక్కన చపాటా రాశి పోసి ఉంటుంది, చూడగానే తెలిసిపోతుంది. అదే ఫొటో తీస్తే? రెండూ ఒకేలా వస్తాయి! ఫోన్ కెమెరాకు నిండు ఎరుపు అంటే కష్టం. ఎర్ర వెలుగు కొలత 255 దగ్గర ఆగిపోతుంది, ఆపైన తేడాలన్నీ ఒకే ముద్దగా మారతాయి. పొడిలో గరుకు కనిపించదు, తొడిమ దగ్గర నీడ కనిపించదు. ఎండలో పెట్టి తీయకండి. కిటికీ పక్కన నీడలో పెట్టి, తెర మీద వేలు పెట్టి వెలుతురు కాస్త తగ్గించి తీయండి. ట్యూబ్‌లైటు ఆపేయండి. వెనకాల ఎర్ర గుడ్డ అసలు పరచకండి. తెల్లటి పళ్లెంలోనో, వెదురు చాటలోనో పోస్తే కారం ఎరుపు తనంతట తానే పైకొస్తుంది.

అలాగని కారం వ్యాపారానికి లోగో కూడా నిండు ఎరుపే ఉండాలని నేను అనను. సైట్‌లో ఫొటోలన్నీ ఎరుపైనప్పుడు బటన్ కూడా ఎరుపైతే అది కంటికి ఆనదు. ఒక కుటుంబానికి ముదురు ఆకుపచ్చ పెట్టాం, మిర్చి తొడిమ రంగు. ఫొటో అంతా ఎరుపు, బటన్ ఒక్కటే ఆకుపచ్చ. కోడ్ ఎక్కడ దొరుకుతుందని వాళ్లబ్బాయి అడిగితే, తొడిమను ఫొటో తీసి దాంట్లోంచే తీసుకోమన్నాను. ఫొటోలో ఎక్కడ తాకితే అక్కడి రంగు కోడ్ చెప్పే ఉచిత పరికరాలు చాలా ఉన్నాయి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతికి వస్తున్నాను. అక్షరం కనిపించాలి. ఇది అభిరుచికి సంబంధించింది కాదు, దీనికి కొలత ఉంది. వెబ్‌సైట్లు అందరికీ అందాలని ప్రపంచమంతా పాటించే ప్రమాణం ఒకటి ఉంది, డబ్ల్యూసీఏజీ అంటారు. అక్షరం రంగుకు, వెనకున్న రంగుకు వెలుగులో ఎంత తేడా ఉందో అది ఒక నిష్పత్తిలో చెబుతుంది. తెలుపు మీద నలుపుకు 21. అంతకు మించి లేదు. తెలుపు మీద తెలుపుకు 1. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3 చాలు.

ఇక ఆ అక్క సైట్ సంగతి చూడండి. నిండు పసుపు మీద తెల్లక్షరాలకు వచ్చేది 1.07. అంటే దాదాపు తెల్ల కాగితం మీద సున్నంతో రాసినట్టు. అదే పసుపు మీద నల్లక్షరాలు పెడితే 19.5 దాటుతుంది. పసుపులో తప్పేమీ లేదు, నేను దాని మీద తెలుపు పెట్టడం తప్పు. నారింజ మీద తెలుపుకు 2 కూడా రాదు. వాట్సాప్ గుర్తులో ఉండే ఆకుపచ్చ మీద తెలుపుకు కూడా 2 రాదు. మనమందరం "వాట్సాప్ చేయండి" అని బటన్ చేసి ఆ రంగే వేసి తెల్లక్షరాలు రాస్తాం. దాని మీద నల్లక్షరాలు రాయండి, లేదా ఆకుపచ్చను బాగా ముదురు చేయండి. నిండు ఎరుపు, తెలుపు కలిస్తే 4 దగ్గర ఆగుతుంది, కొద్దిలో తప్పుతుంది. అదే ఎరుపును ఎండుమిర్చి రంగు దాకా ముదురు చేస్తే 6 దాటిపోతుంది. మన పెళ్లి పత్రికల్లో ముచ్చటపడి వేసే ఆకుపచ్చ మీద ఎరుపు ఉంది చూశారా, అది 1.3 కూడా రాదు. రంగులు వేరువేరుగా ఉన్నా వెలుగు దాదాపు ఒకటే, అందుకే కళ్లు లాగేస్తాయి.

ఈ లెక్కలో ఒక విచిత్రం ఉంది. మన కంటికి తెలిసే వెలుగులో ఆకుపచ్చ వాటా సుమారు 72 శాతం, ఎరుపుది 21, నీలానిది 7. అందుకే తెల్ల తెర మీద నిండు నీలంతో రాస్తే చక్కగా చదవగలం, నిండు ఆకుపచ్చతో రాస్తే చదవలేం. ఈ నిష్పత్తి మీరు లెక్క కట్టనక్కర్లేదు. కాంట్రాస్ట్ చెకర్ అని వెతికితే చాలా దొరుకుతాయి. రెండు కోడ్‌లు ఇస్తే అంకె చెప్పేస్తుంది. మీ సైట్ చేసేవాళ్లను ఆ అంకె అడగండి. ఏమీ అనుకోరు. అనుకున్నా అడగండి.

ఈ కొలత రామప్ప గుళ్లో కళ్లెదుట కనిపిస్తుంది. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో జాబితాలో చేరింది. మనలో అందరం చూసే ఉంటాం. గుడి ఎర్రని ఇసుకరాయి. చూరు కింద నిలబడిన మదనికలు, అంటే ఆడవాళ్ల శిల్పాలు, నల్లరాతివి. అంత ఎత్తులో, చూరు నీడలో ఉన్నా, కింద నేల మీద నిలబడ్డ మనకు ఆ బొమ్మ ఒంపు, నడుము, కాలి దగ్గర వివరం కనిపిస్తాయి. బొమ్మ రాయి, వెనకున్న రాయి ఒకే రంగులో ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోండి.

తెలుగు అక్షరానికి ఈ కొలత ఇంకా ఎక్కువ కావాలన్నది నా అభిప్రాయం. 4.5 అన్న అంకెను నేను తెలుగుకు సరిపెట్టను, 7 దాకా తీసుకెళ్తాను. ఎందుకంటే మన అక్షరానికి తలకట్టు ఉంటుంది, గుడి ఉంటుంది, కింద వత్తు ఉంటుంది. "స్త్రీ" అని రాస్తే ఆ చిన్న జాగాలో ఎన్ని గీతలు ఇరుక్కున్నాయో చూడండి. ఇంగ్లిష్‌లో బాగా కనిపించిన లేత బూడిద అక్షరం, అదే సైజులో తెలుగులో వేస్తే వత్తులు మాయమైపోతాయి. ముదురు రంగు మీద తెల్లటి సన్నని తెలుగు ఫాంట్ వేస్తే ఇంకా కష్టం. నోటో సాన్స్ తెలుగు లాంటి నిండైన ఫాంట్ తీసుకుని, ఇంగ్లిష్ కంటే ఒకటి రెండు సైజులు పెంచండి. మీ కస్టమర్లలో అరవై దాటినవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు.

ఇంకొకటి. కొందరికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. ఆ లోపం ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా వస్తుంది కాబట్టి మగవాళ్లలోనే ఎక్కువ. తమకు అలా ఉందని చాలామంది బయటికి చెప్పుకోరు, కొందరికైతే పెద్దయ్యేదాకా తెలియదు కూడా. మీ సైట్‌లో సరుకు ఉంటే ఆకుపచ్చ చుక్క, లేకపోతే ఎర్ర చుక్క పెట్టారనుకోండి, వాళ్లకు రెండూ ఒకటే. చుక్క పక్కన "ఉంది" అనో, "నిండుకుంది" అనో ఒక మాట రాయండి. తిండి ప్యాకెట్ల మీద చూడండి. 2020 నాటి ఆహార భద్రత నిబంధనల్లో శాకాహారానికి ఆకుపచ్చ గుండ్రం ఉంచి, మాంసాహారానికి గోధుమ రంగు త్రిభుజం పెట్టారు. అంతకుముందు రెండూ గుండ్రాలే, రంగు ఒక్కటే తేడా. ఇప్పుడు రంగు తెలియకపోయినా ఆకారం చెబుతుంది. పచ్చళ్లు అమ్మేవాళ్లు, ముఖ్యంగా చికెన్ పచ్చడి, గోంగూర పచ్చడి రెండూ అమ్మేవాళ్లు, సైట్‌లో కూడా ఆ గుర్తులను సరైన ఆకారంలోనే పెట్టండి.

ఎన్ని రంగులు ఉండాలని అడుగుతారు. ఒక ముఖ్యమైన రంగు, దానికి తోడు ఇంకొకటి, అక్షరాలకు నలుపుకు దగ్గరగా ఒకటి, వెనకాల తెలుపు. చిన్న వ్యాపారానికి ఇంతకు మించి అక్కర్లేదు. 60, 30, 10 అని ఒక లెక్క చెబుతుంటారు, ఇళ్ల లోపలి అలంకరణ చేసేవాళ్ల నుంచి వచ్చింది. తప్పేమీ కాదు, కానీ టేపు పెట్టి కొలిచే పని లేదు. నేను పట్టుబట్టే నియమం ఒకటే ఉంది. డబ్బు వచ్చే బటన్‌కు వేసిన రంగు ఇంకెక్కడా వేయకూడదు. "ఆర్డర్ చేయండి" మెరూన్ అయితే హెడ్డింగ్ మెరూన్ కాకూడదు, గీత మెరూన్ కాకూడదు. రెండు రోజుల్లో మీ కస్టమర్ వేలికి అలవాటైపోతుంది. మీ బటన్ రంగు ఎరుపైతే ఇంకో జాగ్రత్త: ఫారంలో తప్పు నంబర్ కొడితే వచ్చే హెచ్చరిక కూడా ఎరుపే. బటన్ చూసి తప్పు జరిగిందేమోనని టెన్షన్ పడేవాళ్లున్నారు. హెచ్చరికకు ఒక గుర్తు, ఒక వాక్యం జోడించండి.

ఎరుపు అంటే ఆవేశం, నీలం అంటే నమ్మకం అని చార్టులు తిరుగుతుంటాయి. నేను వాటిని పట్టించుకోను. ఎరుపు కుంకుమలోనూ ఉంది, ఆగమనే సిగ్నల్‌లోనూ ఉంది. మీరు పట్టించుకోవాల్సింది మన ఊళ్లో ఆ రంగుకు ఇప్పటికే ఉన్న అర్థం. ఇక్కడ గులాబీ, కాషాయం అంటే పార్టీలు గుర్తొస్తాయి. ఎన్నికలప్పుడు ఆ రంగు జెండాలు వీధంతా కట్టి ఉంటే మీ దుకాణం కూడా వాళ్లదే అనుకుంటారు. అది మీకు సమ్మతమేనా కాదా అన్నది ముందే ఆలోచించుకోండి. పెళ్లి సరుకు అమ్మేవాళ్లు నలుపు ఎంత అందంగా ఉన్నా వద్దంటారు, ఆ మాటను నేను గౌరవిస్తాను. మీ వీధిలో అదే వ్యాపారం చేసేవాళ్ల సైట్లు ఒకసారి తెరిచి చూడండి. అందరివీ ఎరుపు, పసుపు అయితే మీరు వంగపండు రంగో, ఇటుక రంగో ఎంచుకుంటే గుర్తుండిపోతారు.

కాగితం సంగతి తొందరగా చెప్పేస్తాను. తెర వెలుగుతో రంగు చేస్తుంది, ప్రింటింగ్ ప్రెస్ సిరాతో చేస్తుంది. అందుకని తెర మీద మెరిసే చిలకపచ్చ, నిండు నీలం ఫ్లెక్స్ మీద అంత మెరుపుతో రావు. ఒక బట్టల దుకాణానికి నేను ఎంతో ఇష్టపడి ఎంచిన ఊదా రంగు, ఫ్లెక్స్ మీద బూడిద కలిసిన వంకాయలా వచ్చింది. ప్రెస్‌వాళ్ల తప్పు ఏమీ లేదు. ఆ సిరాల్లో ఆ మెరుపు లేదు. మీ వ్యాపారంలో లేబుళ్లు, సంచులు, బోర్డులు ఎక్కువగా ఉంటే, ముందు కాగితం మీద ఒక చిన్న ముక్క అచ్చు వేయించి, అది నచ్చాక దానికి దగ్గరగా ఉండే రంగును సైట్‌కు తీసుకోండి. ముందు తెర మీద ఎంచుకుని తర్వాత కాగితానికి వెళ్తే ఎప్పుడూ మనసు కష్టపడుతుంది.

చివరిగా, పరీక్ష. సైట్ పూర్తయిందని చెప్పాక, డబ్బులు ఇచ్చే ముందు, ఇంట్లో ఉన్న అన్నిటికంటే పాత ఫోన్ తీసుకోండి. వెలుతురు సగానికి తగ్గించండి. మధ్యాహ్నం పన్నెండు గంటలకు బయట ఎండలో నిలబడి మీ నంబర్ చదవండి. ఆ తర్వాత దాన్ని మీ అమ్మకో, నాన్నకో ఇచ్చి "ఆర్డర్ ఎక్కడ చేయాలి?" అని అడగండి. ఇంకేమీ చెప్పకండి. వాళ్ల వేలు ఎక్కడికి వెళ్తుందో చూస్తూ ఉండండి. వెతుక్కుంటే రంగు మార్చాలి. ఎంత అందంగా ఉన్నా మార్చాలి. పచ్చళ్ల అక్క సైట్‌కు ఇప్పుడు ప్రతిసారీ ఇలాగే చేస్తాం. పసుపు అలాగే ఉంది, అక్షరాలు నల్లగా ఉన్నాయి, ఆర్డర్ బటన్ ముదురు మెరూన్. ఆమె అత్తగారికి డెబ్బై దాటాయి. అద్దాలు పెట్టుకోకుండా నంబర్ చదివి వినిపించారు.

ఇంక నేను మాట్లాడింది చాలు. ఆ మూల ట్యూబ్‌లైట్లు ఆపేయండి తమ్ముడూ, కిటికీ తలుపులు తీయండి. మీరు తెచ్చిన వస్తువులు కిటికీ పక్కనున్న బల్ల మీదికి తీసుకురండి. కింద తెల్ల కాగితం పరిచాను. ముందు ఆ జంపఖానా ఇటివ్వమ్మా. అంచులో ఆ నీలం పోగు ఉంది కదా, అక్కడి నుంచి మొదలుపెడదాం.